ఆరు కాళ్ల స్టాండు

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అక్వేరియం నిండితే సుమారు 450 లీటర్లు పడుతుంది. నీళ్లు లీటరుకు కిలో. 12 మిల్లీమీటర్ల గాజు ఇంకో 90 కిలోలు. ఇసుక, రాళ్లు, ఇనుప స్టాండు కలిపితే 600 కిలోలు దాటిపోతుంది. ఇంటికొచ్చినవాళ్లు అందులోని చేప మీసాలు చూసి మురిసిపోతారు. హైదరాబాద్‌ నాచారంలోని హెచ్‌ఎంటీ నగర్‌లో ఒక మిత్రుడి ఇంట్లో, మూడో అంతస్తులో, అలాంటి తొట్టే ఉంది. నేను మాత్రం కింద చతికిలబడి దాని స్టాండు చూశాను. పారిశ్రామికవాడ పక్క సందులో, గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసే వెల్డింగ్ షాపులో చేయించాడట.

వాడింది మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) చదరపు పైపు. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం. గొప్పతనం పైపులో లేదు, కలిపిన తీరులో ఉంది. చాలామంది పై ఫ్రేమును కాళ్ల మధ్య ఇరికించి పక్కల నుంచి వెల్డింగ్ కొట్టేస్తారు. అప్పుడు నీళ్ల బరువంతా అతుకులకే వేలాడుతుంది. ఇక్కడ ఫ్రేము కాళ్ల నెత్తిన కూర్చుంది. తొట్టి ఫ్రేము మీద, ఫ్రేము కాళ్ల మీద, కాళ్లు నేల మీద. వెల్డింగుకు మిగిలిన పనల్లా పైపులు పక్కకు జరక్కుండా పట్టుకోవడమే. బరువు మోయించాల్సింది ఇనుముతో, అతుకుతో కాదని ఆ పనివాడికి తెలుసు.

నాలుగడుగుల స్టాండుకు నాలుగు కాళ్లు చాలవా? విరగకుండా ఉండటానికి బహుశా చాలు. కానీ ఇంత బరువుకు ఈ పైపు మధ్యలో నాలుగైదు మిల్లీమీటర్లు వంగుతుంది. ఇనుము ఆ వంపును ఓర్చుకుంటుంది, గాజు ఓర్చుకోదు. మధ్యలో ముందొకటి, వెనకొకటి కాలు పెడితే పైపు మోయాల్సిన దూరం సగమవుతుంది. దూరం సగమైతే వంపు సగం కాదు, దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. రెండు అదనపు కాళ్లతో వచ్చే లాభం ఇది! పైగా ఆ మధ్య కాళ్లే అన్నిటికన్నా ఎక్కువ మోస్తాయి. వాటిని ఏదో ఆసరాకన్నట్టు సన్నపైపుతో సరిపెట్టేవాళ్లున్నారు. ఇతను అలా చేయలేదు.

వేడికి ఇనుము మెలి తిరుగుతుంది. ఒక మూల పూర్తిగా వెల్డింగ్ చేసి రెండో మూలకు వెళితే, నాలుగోది వచ్చేసరికి ఫ్రేము మూలమట్టం తప్పుతుంది. అందుకే తెలిసినవాళ్లు ముందు అన్ని మూలలకూ చిన్న చిన్న టాకులు వేసి, ఐమూలగా రెండు వైపులా కొలిచి, ఆ రెండు కొలతలూ ఒకటయ్యాకే ఎదురెదురు మూలలను మార్చి మార్చి పూర్తి చేస్తారు. ఈ ఫ్రేము మీద రసమట్టం పెట్టి చూస్తే బుడగ నడిమధ్యన నిలిచింది. ఎత్తుపల్లాల కొలత నేర్పే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ దగ్గర్లోని ఉప్పల్‌లోనే ఉంది. వాళ్లు చూసినా తల ఊపేవారేమో! ఫ్రేముకూ గాజుకూ మధ్య ప్లైవుడ్, దాని మీద థర్మాకోల్ షీటు. ఇసుకరేణువంత ఎగుడుదిగుడు మిగిలినా థర్మాకోల్ సర్దుకుంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది కాళ్ల కింద వేసిన పట్టీలు. ఉత్త పైపు కాలు నేలను తాకే ఇనుము మూడు చదరపు సెంటీమీటర్లే. ఒక కాలి మీద 160 కిలోలు పడ్డాయనుకుంటే చదరపు సెంటీమీటరుకు 50 కిలోల పైన. కింద డొల్ల ఉన్న టైలయితే పగిలి ఊరుకుంటుంది. పది సెంటీమీటర్ల చదరపు మందపాటి పట్టీ వేస్తే అదే బరువు చదరపు సెంటీమీటరుకు కిలోన్నర దగ్గరికి దిగుతుంది. తన స్టాండు గురించే కాక ఇంటివాడి గచ్చు గురించి కూడా ఆలోచించిన పనివాడు ఇతను.

ఇక స్లాబు. ఇళ్ల గదులకు భారత ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువును లెక్కలోకి తీసుకోమంటుంది. ఈ తొట్టి తన కింది జాగాలో అంతకు నాలుగింతలు మోపుతోంది. ఆ 200 గది మొత్తానికి పరిచి వేసిన లెక్క కాబట్టి కొంత వెసులుబాటు ఉంటుంది. అయినా స్లాబు ఎక్కువగా వంగేది నడిమధ్యన. బీము మీది గోడ వారన చాలా తక్కువ. మిత్రుడు తొట్టిని గోడవారనే, ఈశాన్యంలో పెట్టాడు. ఈశాన్యంలో నీళ్లుండాలి, బరువుండకూడదు అంటుంది వాస్తు. ఆరు వందల కిలోల నీళ్ల తొట్టికి ఏ సూత్రం వర్తిస్తుందో సిద్ధాంతిగారే చెప్పాలి.

దూలాలు, దంతెలు పరిచిన పాత మిద్దెల్లోనూ, అమెరికాలో మనవాళ్లుండే కొయ్య ఇళ్లలోనూ ఇంకో జాగ్రత్త కావాలి. తొట్టి పొడవు దంతెలకు అడ్డంగా రావాలి. అప్పుడు ఎక్కువ దంతెలు బరువు పంచుకుంటాయి. వాటి వెంట పెడితే ఒకటి రెండింటి మీదే పడుతుంది. కొయ్య ఏళ్ల తరబడి బరువు మోస్తే మెల్లగా కుంగుతుంది కూడా.

కొత్తగా చేయించేవారు రంగు వేయకముందే షాపుకెళ్లి ఫ్రేము కాళ్ల మీద కూర్చుందో, పక్కలకు అతికిందో చూసుకోండి. మొదట సగమే నింపి, ఒక రోజు ఆగి, నాలుగు వైపులా నీటిమట్టం కొలిచి మిగతాది పోయండి. తొట్టి ఇంతకన్నా పెద్దదైనా, హాలు మధ్యలో పెట్టాలనుకున్నా, ఆర్డరు ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి.