వేడెక్కిన లారీ మొరాయించుట: మేస్త్రీల పరీక్షా విధానము

చల్లబడిన డీజిలు ఇంజను తెల్లవారుజామున మొరాయించినచో ఎవరును ఆశ్చర్యపడరు. నూనె చిక్కబడి క్రాంకును పట్టి లాగుచుండును. బ్యాటరీ సత్తువ తగ్గి ఉండును. పిస్టను నొక్కిన గాలిలో పుట్టిన వేడిమిని చల్లని సిలిండరు గోడలు పీల్చివేయును. కాని నిండు లోడుతో రెండు జిల్లాలు దాటి వచ్చి, దాబా ముందు అరగంట నిలిచిన లారీ, డ్రైవరు భోజనము ముగించి తాళము త్రిప్పినపుడు లేవకుండుట మాత్రము విపరీతమైన విషయము. నూనె పలుచనై తిరుగుడు తేలికైన వేళ, గోడలు వెచ్చగా ఉండి గాలి వేడిమి నిలుపుకొనదగిన వేళ, లేవవలసిన ఇంజను లేవకున్నదనగా, తక్కిన అవయవములన్నింటికి మేలు చేయుచున్న ఆ వేడిమియే ఏదో ఒక్క అవయవమునకు కీడు చేయుచున్నదని తేలుచున్నది. కావున వెదకవలసినది ఇంజను మొత్తమును కాదు, వేడిమికి ఓర్వలేని ఆ ఒక్క భాగమును. ఈ తర్కము నెరిగి, దానిని కన్ను, చెవి, చేయి అను సాధనములతో నడపగలుగుటయే మన విజయవాడ ఆటోనగర్ మేస్త్రీల విద్యలో శ్రేష్ఠమైన భాగమని నా అభిప్రాయము.

ఈ విద్య ఏ కళాశాలలోను పుట్టలేదు. 1954లో జంషెడ్‌పూరున టాటా సంస్థ మెర్సిడెస్ బెంజ్ సహకారముతో లారీలను నిర్మింప నారంభించినది. 1951లో బెంగుళూరున స్థాపితమైన మైకో సంస్థ వానికి కావలసిన డీజిలు పంపులను, నాజిళ్లను ఈ దేశముననే తయారుచేయసాగినది. మద్రాసున అశోక్ లేలాండ్ లారీలు వెలువడసాగినవి. మద్రాసు–కలకత్తా రహదారియు, హైదరాబాదు–మచిలీపట్నము రహదారియు కలిసికొను విజయవాడలో, 1960ల దశకమున రూపుదాల్చిన ఆటోనగర్ ఈ బండ్లన్నింటికి పుట్టినిల్లు కాకున్నను వైద్యశాల యైనది. పన్నెండేళ్ల ప్రాయమున స్పానర్లు అందించుటకు చేరిన కుర్రవాడు, పదేండ్లు ఒక మేస్త్రీ చేతిక్రింద నలిగి, ఒక్క పుటయైన చదువకయే, ఏ శబ్దమునకు ఏ దోషము మూలమో చెప్పగల స్థితికి వచ్చుట అచట నేటికిని కనిపించును. పంపు పని చేయువారు వేరు, ఇంజనును త్రిప్పు సెల్ఫు మోటార్లు చుట్టువారు వేరు, ఇంజను దించువారు వేరు. కాని రోగము ఎవరి వాకిటికి చెందినదో నిర్ణయించువాడు ఒకడే. అతని నిర్ణయము తప్పినచో, ఆ బండి తనకు సంబంధము లేని వాకిళ్లన్నియు ఎక్కి దిగవలసి వచ్చును.

అతడు మొట్టమొదట స్పానరు పట్టడు. ప్రశ్న వేయును. "ఎంతసేపు ఆపావయ్యా? ఆపిన వెంటనే తిప్పితే లేచిందా?" అని అడిగి, డ్రైవరు చెప్పు జవాబులోని కాలపరిమాణమును జాగ్రత్తగా పట్టుకొనును. ఇందులో గొప్ప సూక్ష్మము కలదు. ఇంజను ఆగినంతనే ఫ్యానును ఆగును, నీటి ప్రవాహమును ఆగును. కాని ఇనుప బ్లాకులో నిలువయున్న వేడిమి ఎటుపోవుటకును వీలులేక దాని ప్రక్కను బిగించియున్న పంపునకు, సెల్ఫు మోటారునకు, గొట్టములకు ప్రాకును. నడుచునపుడు గాలి తగిలి, చల్లని డీజిలు పారి, చాలినంత చల్లగా ఉన్న ఆ భాగములు, బండి నిలిచిన పదిహేను ఇరువది నిమిషములకు పరమావధికి వేడెక్కును. కావున "వెంటనే తిప్పితే లేస్తుంది మేస్త్రీ గారూ, టీ తాగి వస్తే లేవదు, రెండు గంటలు వదిలేస్తే మళ్లీ మామూలే" అని డ్రైవరు చెప్పినచో, సగము పరీక్ష అచ్చటనే ముగిసినట్లు. అట్లు గాక, రాత్రియంతయు నిలిపిన తరువాతనే ఎక్కువ ఇబ్బంది పెట్టుచున్నదన్నచో, దోషము వేడిమిది కాదు. ఏదో సందునుండి గాలి పీల్చి డీజిలు ట్యాంకులోనికి వెనుదిరుగుచున్నది.

రెండవ సాక్షి పొగ. తాళము పట్టి త్రిప్పించుచు మేస్త్రీ బండి వెనుకకు నడచి పోవును. ఇంజను గిరగిర తిరుగుచున్నను పొగగొట్టమునుండి ఏమియు రాకున్నచో సిలిండరులోనికి డీజిలు చేరుటయే లేదు. కన్నులు మండించు తెల్లని పొగ వెలువడుచున్నచో డీజిలు చేరుచున్నది గాని మండుట లేదు. ఈ రెండు మాటల మధ్యను ఎన్నివేల రూపాయల అంతరమున్నదో తెలిసినవారికే తెలియును. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ లేదు. గాలిని పదునారవ వంతునకో పదునెనిమిదవ వంతునకో కుదించినపుడు అది అయిదు వందల డిగ్రీలకు మించి వేడెక్కి, అందులోనికి తుంపరగా చిమ్మిన డీజిలును తానే అంటించును. కావున తెల్లపొగ కనిపించినపుడు కుదింపు చాలకుండుటనో, నాజిళ్లు తుంపర కట్టక కారుచుండుటనో, సమయము తప్పుటనో శంకింపవలెను. ట్యాపెట్లను బొత్తిగా సందు లేకుండ బిగించిన ఇంజనులో ఇది తరచు జరుగును: చల్లగా ఉన్నంతవరకు సరిగా మూసికొను ఎగ్జాస్టు వాల్వు, వేడికి కాడ సాగి, వెండ్రుకవాసి తెరచుకొనియే ఉండిపోవును, కుదింపు ఆ సందున జారిపోవును. దీనికి కావలసినది సందును కొలుచు ఫీలరు గేజి, ఒక అరపూట సమయము, అంతే.

పొగ రానప్పటి కథ ఇంతకంటె లోతైనది. డీజిలు పంపులో ఎలిమెంటు అను పేర వ్యవహరించు జంట కలదు: ఒక ఉక్కు కడ్డీ, అది ఆడు ఉక్కు గొట్టము. ఈ రెండింటి నడుమ సందు, కొత్తవిగా ఉన్నపుడు, మిల్లీమీటరులో వేయవ వంతులు రెండో మూడో మాత్రమే. రబ్బరు గాని, రింగు గాని అచట లేవు; ఆ సామీప్యమే, డీజిలులోని చిక్కదనమే, ఒత్తిడిని నిలుపును. ఏండ్ల తరబడి సన్నని దుమ్మును, నీటిని మోసిన డీజిలు ఆ సందును క్రమముగా అరగదీయును. చల్లని డీజిలు చిక్కగా ఉండి ఆ అరుగుదలను కప్పిపుచ్చును. నలుబది డిగ్రీల వద్ద రెండు నుండి నాలుగున్నర సెంటీస్టోకుల చిక్కదనము కలిగియుండవలసిన డీజిలు, ఎనుబది డిగ్రీలకు చేరునప్పటికి అందులో సుమారు సగమునకు పలుచబడును. అపుడు కడ్డీ నొక్కిన డీజిలు నాజిలును తెరచుటకు పోక, కడ్డీ అంచులనుండియే వెనుకకు జారును. రోటరీ పంపులలో, అనగా ట్రాక్టర్లలోను కొన్ని తేలికపాటి లారీలలోను ఉండు జాతిలో, తిరుగు రోటరు ఒక్కటియే సిలిండర్లన్నింటికి డీజిలును పంచుచుండుటచే, దాని అరుగుదల వెంటనే అన్నిటిని బాధించును. వేడి స్టార్టింగు జబ్బు వీనిలో మరింత ప్రసిద్ధము.

ఇచట డ్రైవరును కలవరపెట్టు విషయమొకటి కలదు. పంపు అంతగా అరిగినచో బండి ఎత్తు ఎట్లు ఎక్కుచున్నది, లోడు ఎట్లు లాగుచున్నది అని అతడడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. సెల్ఫు త్రిప్పునపుడు ఇంజను నిమిషమునకు నూటయేబది, రెండు వందల చుట్లు మాత్రమే తిరుగును. పంపు అందులో సగము. కడ్డీ అంత మెల్లగా కదలునపుడు డీజిలు జారిపోవుటకు కావలసినంత వ్యవధి దొరకును. ఇంజను ఒకసారి లేచి వేయి చుట్లు అందుకొన్న తరువాత, ప్రతి దెబ్బయు జారుటకు వ్యవధి ఈయనంత త్వరగా ముగియును. అదే సందు, అదే డీజిలు, మార్పు కాలములోనే. బండిని వాలులో దొర్లించిననో, మరియొక లారీతో లాగించిననో చటుక్కున లేచుటకును ఇదియే హేతువు. ఈ సంగతి ఎరిగియే మన డ్రైవర్లు పెక్కురు, రోగమేదో తెలియకయే, బండిని వాలుచూచి నిలుపుదురు.

ఈ అనుమానమును ధ్రువపరచుటకు ఆటోనగరున ఆచరించు పరీక్ష నాకు మిక్కిలి ఇష్టమైనది. దీనికి ఖర్చు ఒక గోనెపట్టా, ఒక బకెట్ నీరు. మేస్త్రీ లేవని బండి బానెట్టు ఎత్తి, పట్టాను నీట ముంచి, కారకుండ పిండి, దానిని పంపుమీదను, లోనికి వచ్చు గొట్టముమీదను మాత్రము కప్పును. వేడి పంపుమీద తడి ఆవిరియగును. పట్టా వెచ్చబడగనే తీసి మరల ముంచును. ఇట్లు అయిదారు నిమిషములు సాగిన పిమ్మట, "ఇప్పుడు కొట్టు" అనును. అప్పటివరకు ఎంత తిరిగినను పలుకని ఇంజను రెండవ చుట్టులో అందుకొన్నచో, తీర్పు వచ్చినట్లే: బ్యాటరీ అదే, సెల్ఫు అదే, కుదింపు అదే, వేడి బ్లాకు అదే, మారినది పంపులోని డీజిలు చిక్కదనము ఒక్కటియే. ఒకేసారి ఒక్క విషయమును మాత్రమే మార్చి ఫలితమును చూడవలెనను శాస్త్రపద్ధతి ఇంతకంటె నిర్మలముగా ప్రయోగశాలలో మాత్రము కనిపించునా! అయితే ఇది ఆగియున్న పంపునకే చేయదగినది. ఇంజను నడుచుచుండగా చల్లని నీరు కుమ్మరించినచో వెలుపలి గొట్టము ముందుగా కుంచించుకొని, లోని కడ్డీని పట్టి బిగించివేయు ప్రమాదము కలదు; వేడి బ్లాకుపై నీరు పడుటయు మంచిది కాదు.

దీనికి ముందో వెనుకో, నాజిలు వద్ద పైపు నట్టును 17 నంబరు స్పానరుతో ఒక చుట్టు వదలు చేసి సెల్ఫు కొట్టించుటయు పరిపాటి. డీజిలు చురుకుగా ఎగిరిపడినచో పంపు బాగున్నట్లు. చెమర్చినట్లు తడియగుచున్నచో లేనట్లు. నురుగుగా వచ్చినచో గాలి చేరినట్లు. కిరోసిను కలిసిన డీజిలు పోసిన బండిలోను అరిగిన పంపు లక్షణములే కనిపించును, ఏలయన అది పుట్టుకతోనే పలుచన. ట్యాంకులో అడుగంటిన డీజిలు కూడ పంపునుండి తిరిగివచ్చు వేడి డీజిలుతో మాటిమాటికి కలిసి కాగిపోవును. అందుచే పంపును ఊడదీయుటకు ముందు ట్యాంకు నింపి ఒకసారి చూడుమని చెప్పు మేస్త్రీ, తన కూలిని తాను తగ్గించుకొనుచున్నను, ఉత్తముడు.

ఇంజను తిరుగుటయే బరువైనచో మార్గము వేరు. సెల్ఫు మోటారులోని రాగి తీగకు ప్రతి డిగ్రీ వేడిమికి నిరోధము నూటికి 0.39 వంతున పెరుగును. అరువది డిగ్రీలు హెచ్చినచో ఇంచుమించు నాలుగవ వంతు. అరిగిన బుష్షులలో ఆర్మేచరు క్రిందికి జారి, వేడికి వ్యాకోచించి, ఫీల్డును రాచుకొన్నచో, తిరుగుట మరింత బరువగును. పది సెకండ్లకు మించకుండ సెల్ఫు కొట్టించి, వెంటనే బ్యాటరీ టెర్మినళ్లను, ఛాసిసు ఎర్తు కేబులును ఒక్కొక్కటిగా చేతితో తాకిచూచుట ఇందుకు మేస్త్రీ చేయు పరీక్ష. ఏ కలయిక చుర్రుమనునో అచ్చటనే ప్రవాహము అడ్డగింపబడుచున్నది. ఇరువదినాలుగు వోల్టుల బండిలో, సెల్ఫు తిరుగునపుడు మీటరు పంతొమ్మిదికి దిగువకు జారినచో బ్యాటరీని, కేబుళ్లను చక్కజేయక పంపును నిందించుట అన్యాయము. డీజిలును ఆపి విడుచు స్టాప్ సాలినాయిడు ఉన్న బండ్లలో దాని కాయిలు కూడ వేడికి బలహీనపడును. తాళము త్రిప్పినపుడు వినవలసిన 'టక్కు' మను చప్పుడు లేకుండుటయే దాని గుర్తు.

ఈ క్రమమునంతయు లెక్కచేయక, ఎయిర్ ఫిల్టరు మూతివద్ద పెట్రోలు గుడ్డ పెట్టి లేపుటయు, లేవనిచో పంపు దింపుటయు, అదియు ఫలింపనిచో నాజిళ్లు మార్చుటయు ఇటీవల హెచ్చినది. పెట్రోలు అకాలమున అంటుకొని పిస్టనును, రింగులను విరుచును. మంటలు మొగమున ఎగయును. ఇక భాగములను వరుసగా మార్చి చూచు పద్ధతిలో ప్రతి తప్పునకును సొమ్ము చెల్లించువాడు బండి యజమాని, ఆయన నెలవాయిదా కట్టవలసినవాడు. ఒక లారీ మూడు దినములు నిలిచినచో కోల్పోయిన కిరాయి, ఒక మంచి మేస్త్రీ అరగంట పరీక్షకు అడుగు కూలికంటె ఎన్నో రెట్లు ఎక్కువ; అయినను మన యజమానులు స్పానరు పట్టని అరగంటకు కూలి ఇచ్చుటకు వెనుకాడుదురు. ఆలోచనకు వెల కట్టని చోట ఆలోచించువారు ఎట్లు మిగులుదురు?

2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణములు దేశమంతట అమలైన పిమ్మట కామన్ రైలు ఇంజన్లు లారీలలో సర్వసాధారణమైనవి. గోనెపట్టా కాలము తీరినదని కొందరందురు. కాని రైలులో, అనగా ఇంజెక్టర్లన్నింటికి డీజిలు నందించు ఉమ్మడి గొట్టములో, ఒత్తిడి సుమారు రెండు వందల బార్లకు చేరినగాని కంప్యూటరు ఇంజెక్టర్లను తెరువనీయదు. అరిగిన ఇంజెక్టరు, వేడికి పలుచనైన డీజిలును వెనుకకు విడిచిపెట్టుచుండగా ఆ ఒత్తిడి ఏర్పడదు. మరల అదే జబ్బు, అదే కారణము. ఇచట పైపు నట్టు వదలు చేయుట మాత్రము ప్రాణాపాయము. ఆ ఒత్తిడిన వెలువడు డీజిలు చర్మమును చీల్చి లోనికి దూరును. స్కానరు "రైలు ఒత్తిడి తక్కువ" అని చెప్పి ఊరకుండును. ఎవరి వలన తక్కువయో చెప్పదు. త్రిప్పునపుడు చుట్లు చూపు ముల్లు కదలకున్నచో క్రాంకు సెన్సారు వేడికి చెడినదని గ్రహించి, కదలుచున్నచో ఇంజెక్టర్ల రిటర్ను గొట్టములను విప్పి, గీతలు గీసిన ఆరు సీసాలను వరుసగా వ్రేలాడదీసి, వేడి ఇంజనును పది సెకండ్లు త్రిప్పించి చూచుచున్నారు ఇప్పటి కుర్రమేస్త్రీలు. ఏ సీసాలో డీజిలు తక్కినవానికి రెట్టింపుగా చేరునో ఆ ఇంజెక్టరును విప్పి పంపు షాపునకు పంపుదురు. మిగిలిన అయిదింటిని ముట్టుకొనరు.