సుద్దగీతలో నిలబడ్డ బిడ్డ

బెర్టోల్ట్ బ్రెహ్ట్ నాటకం 'కాకేషియన్ చాక్ సర్కిల్'ను నేను చాలా యేళ్లు ఒకే తీరున పాఠం చెప్పాను. బిడ్డ పెంచినవాళ్లది, భూమి దున్నేవాళ్లది అని బల్ల మీద రాస్తే పాఠం సగం అయిపోయిందనే అనుకునేవాణ్ణి. ఒకనాడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి అడిగింది: "గ్రూషా ఆ పిల్లవాణ్ణి ఎవరికీ చెప్పకుండా కొండలు దాటించింది గదా మేష్టారూ! చట్టం దాన్ని ఎత్తుకుపోవడమే అంటుంది గదా?" నవ్వి వూరుకున్నాను. ఆ పిల్ల అక్క అమెరికా నుంచి బిడ్డను తీసుకుని పుట్టింటికి వచ్చేసిందనీ, బావ అక్కడి కోర్టులో దావా వేశాడనీ తరవాత తెలిసింది. నా నవ్వుకు నేనే సిగ్గుపడ్డాను. ఆ ప్రశ్నకు ఆలస్యంగా యిచ్చుకుంటున్న జవాబే యీ వ్యాసం.

సుద్దగీత కథ చాలా పాతది. బౌద్ధ జాతకాల్లో మహోసధ పండితుడు నేల మీద గీత గీసి, బిడ్డను యిద్దరు ఆడవాళ్ల చేత చెరొకవైపూ లాగిస్తాడు. యూదుల సొలొమోను రాజు కత్తి తెప్పిస్తాడు. చైనాలో యువాన్ వంశం కాలంనాటి నాటకంలో న్యాయాధికారి సుద్దతో వలయం గీయిస్తాడు. అన్నిచోట్లా తీర్పు ఒకటే: బిడ్డకు నొప్పి కలుగుతుందని ఏ చెయ్యి వదిలిందో ఆ చెయ్యి కన్నతల్లిది. 1944లో, అమెరికాలో ప్రవాసంలో వుండగా, బ్రెహ్ట్ దీన్ని తిరగవేశాడు. తిరుగుబాటునాడు గవర్నరు భార్య ఏ చీనాంబరాలు సర్దుకోవాలా అన్న తొందరలో కొడుకును మరిచి పారిపోతుంది. పనిమనిషి గ్రూషా ఆ బిడ్డను యెత్తుకుని, కూలబోయే వంతెన దాటి, వాడి కోసం యిష్టంలేని పెళ్లి కూడా చేసుకుని పెంచుతుంది. ఆస్తి వారసుడి పేర వుంది కనక కన్నతల్లి తిరిగి వస్తుంది. తాగుబోతు న్యాయమూర్తి అజ్డాక్ వలయం గీయిస్తాడు. చెయ్యి వదిలింది గ్రూషా. బిడ్డ గ్రూషాకే దక్కాడు.

యీ తిరగవేతలోని వర్గదృష్టి గొప్పది. అందులో నాకు సందేహం లేదు. కాని ఒక మాట ఒప్పుకోవాలి: బ్రెహ్ట్ తన న్యాయమూర్తి పనిని చాలా తేలిక చేశాడు. గవర్నరు భార్య గుండెలో బిడ్డకు చోటే లేదు. మన కాలంలో రెండు దేశాల మధ్య చిక్కుకున్న పిల్లల విషయం అలా వుండదు. అక్కడ తరచు యిద్దరూ గ్రూషాలే. యిద్దరూ రాత్రులు మేలుకున్నవాళ్లే, యిద్దరూ బిడ్డకు మాటలు నేర్పినవాళ్లే. అటువంటప్పుడు వలయం ఏం తేలుస్తుంది?

నేటి ప్రపంచం గీసుకున్న వలయం 1980 అక్టోబరు 25నాటి హేగ్ ఒడంబడిక. నూరుకు పైగా దేశాలు యిందులో వున్నాయి. తల్లిదండ్రుల్లో ఎవరు మంచివారో యిది అడగదు. బిడ్డ మామూలుగా నివసించే దేశం ఏది, రెండోవారి హక్కుకు భంగంగా అక్కడినుంచి తీసుకువచ్చారా అని మాత్రమే అడుగుతుంది. అయితే బిడ్డను వెనక్కి పంపు, తగవు అక్కడి కోర్టు తేలుస్తుంది అంటుంది. సంవత్సరంలోపు అర్జీ పెడితే పంపడమే నియమం. ఆ పైన, బిడ్డ కొత్తచోట కుదురుకున్నాడని రుజువైతే పంపకపోవచ్చు. యిక్కడే పాత కథ తలకిందులైంది. బిడ్డ నలుగుతాడని ఏడాది పాటు కోర్టుకెక్కకుండా, వుత్తరాలు రాసుకుంటూ, బతిమాలుకుంటూ కూర్చున్న తండ్రి గానీ తల్లి గానీ ఓడిపోవచ్చు. సుద్దగీత కథలో చెయ్యి వదిలినవారు గెలిచారు. నేటి గడియారం గట్టిగా లాగమనే నేర్పుతున్నది.

ఒడంబడిక రాసినవాళ్ల మనసులో బిడ్డను యెత్తుకుపోయేవాడంటే, పెంచే హక్కు పోగొట్టుకున్న తండ్రి. తరవాతి పరిశీలనల్లో మూడింట రెండువంతులకు పైగా తల్లులే అని తేలింది. వీళ్లలో దెబ్బలకు తాళలేక పారిపోయినవాళ్లు వున్నారు. ఒడంబడికలో గృహహింస అన్న మాటే లేదు. బిడ్డకు తీవ్రమైన ప్రమాదం వుంటే పంపనక్కర లేదన్న పదమూడో నిబంధన సందులోంచే ఆ తల్లి తన గోడు చెప్పుకోవాలి.

భారతదేశం యిందులో చేరలేదు. చేరమని లా కమిషన్ 2009లో సిఫారసు చేసింది. 2016లో ముసాయిదా బిల్లు వచ్చింది. హింసకు జడిసి పుట్టింటికి చేరిన స్త్రీలను తిరిగి ఆ హింసలోకే తోసినట్లవుతుందన్న ఆక్షేపణ వచ్చి పని నిలిచిపోయింది. ఆ ఆక్షేపణ నిజమైనదే. మన తెలుగు జిల్లాలనుంచి హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన భార్యకు 2015 దాకా అక్కడ వుద్యోగం చేసే హక్కే లేదు. ఆ తరవాత కూడా, భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం కొంతదూరం నడిచినవాళ్లకే ఆ హక్కు వచ్చింది. చేతిలో సొంత డాలరు లేని మనిషిని ఆ దేశపు కోర్టులో కొట్లాడుకోమంటే ఏమిటర్థం?

అయితే నాణేనికి రెండోవైపు కూడా మనదే. బిడ్డను అక్కడే వుంచుకుని భార్యను యిక్కడ వదిలేసి పోయిన భర్తలు వున్నారు. ఆ తల్లి విచారణకు హాజరు కావాలంటే వీసా కావాలి, విమానం టిక్కెట్టు కావాలి, పరాయి భాషలో వకీలు కావాలి. అలాగే, అన్యాయమేమీ చేయకుండానే బిడ్డ మొహం చూడలేకపోయిన తండ్రులూ వున్నారు. వాళ్లు మన హైకోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లతో తిరుగుతారు. బిడ్డ క్షేమమే పరమావధి అని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. మాట మంచిదే. కాని క్షేమాన్ని ఒక్కొక్క న్యాయమూర్తి ఒక్కొక్క తీరున కొలిస్తే, అజ్డాక్ దొరికినవాడు అదృష్టవంతుడు. అజ్డాక్ నాటకం చివర్లో మాయమైపోతాడన్నది మరవకూడదు.

యీ విషయం మీద ఎక్కువ మంది చూసిన సినిమా, 1987నాటి పుస్తకం ఆధారంగా 1991లో వచ్చిన 'నాట్ వితవుట్ మై డాటర్'. ఇరాన్‌లో చిక్కుకున్న అమెరికన్ తల్లి కూతురితో సరిహద్దు దాటుతుంది. ఆ తల్లి భయం నిజం. దాన్ని తేలిక చెయ్యను. కాని సినిమా ఒక భర్త దౌర్జన్యాన్ని ఒక జాతి స్వభావంగా చిత్రించింది. గల్ఫ్ యుద్ధానికి బాంబులు సిద్ధమవుతున్న జనవరిలో యిది అమెరికాలో విడుదలైంది. యిటువంటి చిత్రణ ఏ కుటుంబానికీ మేలు చెయ్యదు. ఆ అమ్మాయి అక్కకు అమెరికా అంతా శత్రువు కాదు. ఆమె బావకు ఆంధ్రదేశమంతా దొంగల గుహ కాదు.

మరి దారి ఏది? బ్రెహ్ట్ నాటకంలోనే వుందని యిప్పుడనుకుంటున్నాను, నేను పాఠంలో వదిలేసిన చోట. నాటకానికి ముందు ఒక నాంది వుంది. పాశ్చాత్య ప్రదర్శనల్లో దాన్ని ప్రచారమని తరచు కత్తిరించారు. నేను పరీక్షలో రాదని కత్తిరించాను. ఫాసిస్టు సేనలు వెనక్కిపోయాక రెండు సమష్టి క్షేత్రాలవాళ్లు ఒక లోయ కోసం తగవుపడతారు. అక్కడ వలయం లేదు, లాగడం లేదు. కూర్చుని మాట్లాడుకుంటారు, పథకాలు పరుచుకుంటారు, జున్ను రుచి మీద వాదించుకుంటారు. పోగొట్టుకునేవాళ్లు బాధతోనే వదులుకుంటారు. ఒంటరిగా ఎవరూ ఓడిపోరు.

యీ కుటుంబాలకు కావలసింది అటువంటి చోటు. ఇంగ్లండులోని రీయునైట్ అనే సంస్థ బిడ్డను పోగొట్టుకున్నవారికీ, తీసుకుపోయినవారికీ కూడా సలహా చెబుతుంది. యిద్దరినీ మధ్యవర్తుల ముందు కూర్చోబెట్టే ప్రయోగం చేసి 2006లో దాని ఫలితాలు ప్రకటించింది. దెబ్బలున్న చోట మధ్యవర్తిత్వం పేర స్త్రీని లొంగదీయకూడదు. ఆమెకు ముందు రక్షణ, తిండి, వకీలు. మిగిలినచోట్ల, కేసు నడుస్తున్నన్నాళ్లూ బిడ్డకు రెండోవారి గొంతు వినిపిస్తూ వుండాలి, రెండో భాష మరవకుండా వుండాలి. వేర్వేరు దేశాల్లో వున్న తల్లిదండ్రులిద్దరితోనూ సంబంధం నిలుపుకునే హక్కు బిడ్డకు వుందని 1989నాటి బాలల హక్కుల ఒడంబడిక చెబుతుంది. దానిలో మన దేశం 1992లోనే చేరింది. హేగ్‌లో చేరినా చేరకున్నా ఆ మాట మనను కట్టివేస్తుంది.

ఆ అమ్మాయికి యివ్వవలసిన జవాబు యిది: చట్టం దృష్టిలో గ్రూషా బిడ్డను యెత్తుకుపోయిందే. ఆమె న్యాయం ఆమె పారిపోవడంలో లేదు, బిడ్డను నొప్పించనన్న పట్టుదలలో వుంది. మీ అక్కను అడగవలసిందీ, మీ బావను అడగవలసిందీ ఆ ఒక్క ప్రశ్నే. ఇంకొకటి కూడా వుంది. జాతకంలోనూ, సొలొమోను కథలోనూ, చైనా నాటకంలోనూ, బ్రెహ్ట్‌లోనూ వలయం మధ్య నిలబడ్డ బిడ్డను ఏమంటావని ఎవరూ అడగలేదు. వచ్చే ఏడు పాఠం అక్కడే మొదలుపెడతాను.