ఊపిరి వాద్యానికి

ఆగస్టు నెలంతా ఫ్రాన్స్ సముద్రపు ఒడ్డున, కొండ చరియల్లో సెలవులు గడుపుతుంది. సెప్టెంబరు రాగానే ఊళ్ళు మళ్ళీ నిండుతాయి. బడులు తెరుస్తారు, నాటకశాలలు తెరుస్తారు, ఆర్కెస్ట్రాలు తమ కొత్త ఏడాదిని తెరుస్తాయి. ఎండ పసుపెక్కి, పొద్దు ముందే వాలే ఆ రోజుల్లో, లియాన్ నగరంలో, మొరీస్ రవెల్ పేరు పెట్టుకున్న సంగీతశాలలో నువ్వుంటావు. వేదిక వెనక నిలువెత్తున నిలబడి ఉంటావు. రెండు వేలమందికి పైగా నీకు ఎదురుగా వచ్చి కూర్చుంటారు.

ఓ ఆర్గనూ! ఆ కొత్త ఏడాది తొలి రాత్రి నీ గాలితో మొదలు కావాలి. మనుషుల గొంతులతో మొదలు కావాలి. చేతివేగం చూపే సంగీతానికి, కొత్త పోకడలు చూపే సంగీతానికి ముందు ముందు ఎన్నో రాత్రులున్నాయి. తొలి రాత్రి మాత్రం తల వంచి పాడే పాటలకే దక్కాలి.

నీ పుట్టుక గుడిలో కాదు. 1878లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు, సేన్ నది ఒడ్డున గుట్ట మీద లేచిన త్రొకదెరో భవనం కోసం నిన్ను కట్టారు. కట్టినవాడు అరిస్తీద్ కవాయె-కోల్. ఫ్రాన్స్ దేశంలో సంగీతశాలకని కట్టిన తొలి మహా ఆర్గన్ నువ్వే. అంతదాకా నీ జాతి అంతా చర్చి గోడల మధ్య, ధూపం పొగలో, పూజా సమయాలకు కట్టుబడి బతికింది. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన జనం ముందు నిలిచావు. ఆ ఆగస్టులో స్వరకర్త విదోర్ తన ఆరో ఆర్గన్ సింఫొనీని మొదటిసారి నీ మీటల మీదే వినిపించాడు. అక్టోబరులో మరో స్వరకర్త సెజార్ ఫ్రాంక్ మూడు కొత్త రచనలు పట్టుకుని నీ దగ్గరికి వచ్చాడు.

1935లో ఆ భవనాన్ని కూల్చారు. నిన్ను విప్పి, అదే చోట లేచిన షాయో భవనంలో కొత్త పోలికతో మళ్ళీ నిలబెట్టారు. 1977లో మరోసారి విప్పి లియాన్ తెచ్చారు. 2013లో నీ గొంతు సవరించారు. మూడు ఇళ్ళు చూశావు. ఒక్కో ఇంట్లో నీకు కొన్ని గొట్టాలు చేర్చారు, కొన్ని మార్చారు. అయినా నీ గుండెలో కవాయె-కోల్ చేతులు చెక్కిన గొట్టాలు ఇంకా పలుకుతూనే ఉన్నాయి.

ఆరు వేలకు మించిన గొట్టాలు నీవి. తగరం, సీసం కలిపి పోసినవి కొన్ని, కొయ్యతో చేసినవి కొన్ని. వేలెడంత కూడా లేనివి ఉన్నాయి, పిట్ట కూతకన్నా సన్నగా పలుకుతాయి. ముప్ఫై రెండడుగుల వరసకు చెందినవీ ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దది సెకనుకు పదహారు సార్లు మాత్రమే కంపిస్తుంది. చెవి దాన్ని సరిగా పట్టుకోలేదు. కుర్చీ చేతులు, పక్కటెముకలు, అరికాళ్ళు పట్టుకుంటాయి. మీట నొక్కితే ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది, తిత్తిలో కాచుకున్న గాలి గొట్టంలోకి ఉరుకుతుంది. అంతే నీ రహస్యం. కరెంటు రాకముందు ఆ తిత్తులను మనుషులు కాళ్ళతో తొక్కేవారు. పాట వినేవాళ్ళకు వాళ్ళ ముఖాలు కనిపించేవి కావు. నిన్ను పొగిడే ప్రతి మాటలోనూ సగం వాళ్ళది.

మీట నొక్కిన వేలు లేచేదాకా నీ స్వరం సన్నగిల్లదు. వయొలిన్ కమాను చివరికి వస్తుంది. పియానో తీగ మోగిన మరుక్షణం నుంచి ఆరిపోతూ ఉంటుంది. గాయని గుండెలో గాలి అయిపోతుంది. నీకు అలుపు లేదు. మా వీధి భాగవతాల్లో ఆటంతా మోగే శ్రుతి తిత్తిని ఎరిగినవాళ్ళకు నీ కాలిమీటల కింది స్వరం పరాయిది కాదు. పైన ఎన్ని పాటలు లేచి పడినా అది కింద కదలక ఉంటుంది. మనిషికి లేని ఊపిరి నీకుంది కాబట్టే, మనిషికి అందని దాన్ని గురించి పాడవలసి వచ్చినప్పుడు నిన్ను పిలుచుకున్నారేమో.

నీ ముందు ఆర్కెస్ట్రా కూడా తగ్గి నడుచుకుంటుంది. మామూలు రోజున ఓబో ఇచ్చే స్వరానికి అందరూ శ్రుతి చేసుకుంటారు. నువ్వున్న రోజున ఆ ఓబో నీ దగ్గర స్వరం అడిగి తెచ్చుకోవాలి. ఆరు వేల గొట్టాలను ఒక్క సాయంత్రంలో ఎవరు సవరించగలరు? పైగా శాల నిండేకొద్దీ గాలి వెచ్చనవుతుంది, గాలి వెచ్చనయ్యేకొద్దీ నీ శ్రుతి పైకి జరుగుతుంది. వచ్చి కూర్చున్న ప్రతి మనిషి ఒంటి వేడీ నీ గొంతులో కలుస్తుందన్నమాట. ఇంతమంది వింటున్నారన్న సంగతి నీ లోహానికి తెలుస్తుంది. ఇంతకన్నా దగ్గరి బంధం శ్రోతకూ వాద్యానికీ మధ్య నేను మరెక్కడా చూడలేదు.

నీకు కింద, ఆర్కెస్ట్రాకు వెనక, వరసలు వరసలుగా క్వయర్ నిలబడుతుంది. ఇలాంటి బృందాల్లో చాలామందికి పాట వృత్తి కాదు. పగలు పాఠాలు చెప్పి, లెక్కలు రాసి, రోగులను చూసి, రాత్రుళ్ళు వచ్చి సాధన చేసినవాళ్ళు. వాళ్ళకొక పద్ధతి ఉంది. పొడుగాటి చరణం వస్తే అందరూ ఒకేసారి ఊపిరి తీసుకోరు. ఒకరు మెల్లగా ఆగి గాలి పీల్చుకునేటప్పుడు పక్కవారు పాడుతూ ఉంటారు, తరువాత వారు ఆగుతారు, వీరు అందుకుంటారు. బయటికి మాత్రం తెగని దారంలా ఒకే స్వరం వినిపిస్తుంది. నీ ఊపిరికి అంతం లేదు, వాళ్ళ ఊపిరికి అంతముంది. అంతమున్న ఊపిరులు ఒకదాన్నొకటి ఆదుకుని నీ పక్కన సమానంగా నిలుస్తాయి. ఈ రాత్రిని నేను కోరుకునేది దీనికోసమే.

మొదట ఫోరే రెక్వియెమ్, అంటే మృతుల పూజా సంగీతం, పాడాలి.

గాబ్రియెల్ ఫోరే పారిస్‌లో మదలేన్ చర్చిలో క్వయర్‌ను నడిపినవాడు, తరువాత అక్కడే ప్రధాన ఆర్గనిస్ట్ అయినవాడు. ఏళ్ళ తరబడి శవసంస్కారాల పూజలకు సంగీతం సమకూర్చాడు. వినీ వినీ అవన్నీ కంఠతా వచ్చేశాయి, వేరే ఏదైనా రాయాలనిపించింది. 1885లో తండ్రి పోయాడు. 1887 డిసెంబరు చివరి రోజున తల్లి పోయింది. 1888 జనవరి 16న మదలేన్‌లో ఒక వాస్తుశిల్పి స్మరణ పూజలో ఈ రెక్వియెమ్ మొదటి రూపం వినిపించింది. పూజ ముగిశాక చర్చి పెద్ద ఫోరేను పిలిచి, ఈ కొత్తవేవీ మనకు అక్కర్లేదు, ఉన్న పాటలు చాలునని మందలించాడట. ఆ పాట ఈనాడు లోకమంతా మోగుతోంది.

మృతుల పూజలో తీర్పు దినాన్ని తలచుకుని వణికే పాట ఒకటి ఉంటుంది. వెర్డి దాన్ని ఉరుములతో నింపాడు, బెర్లియోజ్ నాలుగు దిక్కులా ఇత్తడి వాద్యాలను నిలబెట్టాడు. ఫోరే ఆ భాగాన్ని దాదాపు పూర్తిగా వదిలేశాడు. భయపెట్టడం అతనికి ఇష్టం లేదు. కొందరు తన రెక్వియెమ్‌ను మృత్యువుకు జోలపాట అన్నారనీ, తాను మృత్యువును చూసేది అలాగేననీ 1902లో ఒక సంభాషణలో చెప్పాడు. తల్లిని పోగొట్టుకున్నవాడు జోలపాటనే మరణానికి వినిపించడంలో ఆశ్చర్యమేముంది?

వినండి, ఆ మొదలు. ఆర్కెస్ట్రా అంతా ఒకే స్వరం మీద గట్టిగా నిలుస్తుంది. ఆ వెంటనే క్వయర్ దాదాపు గుసగుసగా, పోయినవారికి విశ్రాంతి అడుగుతుంది. మెరిసే వయొలిన్లను ఫోరే వెనక్కి నెట్టాడు. మొదటి రూపంలోనైతే వయొలిన్ల గుంపే లేదు, ఒకే ఒక్క వయొలిన్. వయోలాలు, చెల్లోలు విడివిడి వరసలుగా చీలి, చీకటి రంగు పరుస్తాయి. ఆ చీకటికి అడుగున నువ్వు. ఎక్కడా ముందుకు తోసుకురావు. ఎవరు అలిసినా నీ భుజం అక్కడే ఉంటుంది.

నడుమ ఒక్క గొంతు లేస్తుంది. 1888లో ఒక బాలుడు పాడాడు, తరువాతి కాలంలో సొప్రానో గాయనులూ పాడుతున్నారు. యేసును విశ్రాంతి అడిగే నాలుగు మాటలు, అంతకన్నా ఏమీ లేదు. మొదటి చరణానికి తోడు నువ్వొక్కడివే. వేల గొట్టాలున్నవాడివి ఒక లేత గొంతు కోసం రెండు మూడు వరసలకు తగ్గిపోతావు. బలవంతుడు బలహీనుడి పక్కన నడిచేటప్పుడు అడుగు చిన్నది చేసుకోవడం సంగీతంలో చూడాలంటే ఇక్కడ చూడాలి. తరువాత బారిటోన్ గాయకుడు తనను విడిపించమని వేడుకుంటాడు. కింది తీగలు గుండె దడలా ఆగి ఆగి మోగుతాయి. ఆ భాగంలోనే ఒక్క నిమిషం తీర్పు దినం మెరిసి మాయమవుతుంది.

చివరి భాగంలో నీ కుడిచేతి మీటల మీద చిన్న చిన్న స్వరాలు సుడులు తిరుగుతూ ఉంటాయి. పైన సొప్రానోలు, ఎక్కడా మెట్టు కనబడని దారిలో, పోయినవాణ్ణి స్వర్గం గుమ్మం దాకా తోడుకుని వెళ్తారు. 1924లో ఫోరే పోయినప్పుడు, మదలేన్‌లో అతని శవపేటిక ముందు ఇదే పాడారు.

మరొక్క సంగతి. ఈ రెక్వియెమ్ పెద్ద ఆర్కెస్ట్రాతో నిండైన రూపంలో 1900 జూలై 12న త్రొకదెరోలో వినిపించింది. పాల్ తఫనెల్ నడిపాడు. వేల మంది పట్టే ఆ శాల ప్రతిధ్వనికి పేరుమోసింది. ఆ రోజు ఊపిరి నీదే! లియాన్‌లో ఫోరే పాట మోగితే, దాన్ని ఆనాడు మోసిన గొట్టాలు మళ్ళీ మోస్తున్నట్టే.

నీ దూరపు చుట్టాన్ని మేమెరుగుదుం. 1842లో పారిస్‌లో అలెగ్జాండ్ర్ దెబాఁ పేటెంటు తీసుకున్న హార్మోనియం కలకత్తాకు చేరింది. అక్కడ ద్వారకానాథ్ ఘోష్ దానికి చేతితో ఊదే తిత్తి అమర్చి నేల మీద కూర్చోబెట్టాడు. ఆ పెట్టే మా పద్యనాటకాల వేదిక పక్కకు వచ్చి చేరింది, మా చర్చిల్లో కీర్తనకు శ్రుతి పట్టింది, మా భజనల్లో తెల్లవార్లూ మోగింది. దానికి గొట్టాలు లేవు, ఇత్తడి రీడ్లున్నాయి. అయినా గాలిని పట్టి పాటగా విడిచే పని ఒకటే. అందుకే తెలుగువాడు నీ ముందు కూర్చుంటే కొత్తవాడిలా బిడియపడనక్కర్లేదు.

విరామం తరువాత పులాంక్. 1936లో మిత్రుడొకడు కారు ప్రమాదంలో పోయాక పులాంక్ రొకమదూర్ కొండగుడికి వెళ్ళాడు. అక్కడి నల్లటి మేరీమాత విగ్రహం ముందు అతని చిన్ననాటి విశ్వాసం తిరిగి మేలుకుంది. ఆ రోజుల తరువాత రాసిన ఆర్గన్ కన్సర్టోలో తీగ వాద్యాలు, టింపనీ, నువ్వు, అంతే. ఊదే వాద్యం ఒక్కటీ లేదు. ఊదవలసినదంతా నువ్వే ఊదుతావు. 1938 డిసెంబరులో ఒక రాకుమారి ఇంట్లో మొదటిసారి వినిపించినప్పుడు నడిపింది నాదియా బులాంజే, ఆర్గన్ దగ్గర కూర్చుంది మొరీస్ ద్యురుఫ్లే. పెనుగాలిలా మొదలై, ఆటపాటలాడి, వెంటనే మోకాళ్ళ మీద కూలబడి ప్రార్థించే సంగీతం. బతికున్నవాడి భక్తి ఇలాగే ఉంటుంది.

ముగింపు సాన్-సాన్స్‌కే. ఫోరేకు గురువు, మదలేన్‌లో ఫోరేకు ముందు ఆర్గనిస్ట్. ఆర్గన్‌తో కూడిన అతని మూడో సింఫొనీని 1886 మే 19న లండన్‌లో తానే నడిపించాడు. ఆ జూలైలో స్వరకర్త లిస్ట్ పోయాడు, సింఫొనీ అతని స్మృతికి అంకితమైంది. ఇందులో మాటల్లేవు, క్వయర్ లేదు. మరి పవిత్ర సంగీతపు రాత్రికి ఇదెందుకని అడిగేవాళ్ళుంటారు. నిన్ను మొదట ప్రవేశపెట్టే తీరు చూసి చెప్పమంటాను. చాలాసేపు నిన్ను మౌనంగా ఉంచి, నెమ్మదైన భాగంలో ఎవరికీ తెలియకుండా కింది స్వరాల్లోంచి తీసుకొస్తాడు. గదిలోకి ఎవరో వచ్చారని ఒంటికి తెలుస్తుంది, చెవికి తెలియదు. దేవుణ్ణి గురించి ఇంతకన్నా మర్యాదగా రాసినవాళ్ళు తక్కువ.

ఆ తరువాత చివరి భాగం. ఒక్క క్షణం అంతా ఆగుతుంది. ఆర్గనిస్ట్ రెండు చేతులూ ఒక్కసారి దించుతాడు. సి మేజర్! గొట్టాలన్నీ తెరుచుకుంటాయి, తీగలు ఎదురు పలుకుతాయి, నాలుగు చేతుల పియానో మెరుపు తునకలు చల్లుతుంది, ట్రంపెట్లు అందుకుంటాయి. ఇందాక పాడిన క్వయర్ వాళ్ళు వెనక వరసల్లో నిలబడి వింటున్నారు, వాళ్ళ కాళ్ళ కింద చెక్కలు అదురుతున్నాయి. టింపనీ వాద్యకారుడు రెండు కర్రలూ పైకెత్తాడు. ఊదు, ఆర్గనూ, ఇంకా ఊదు! కొత్త ఏడాది తలుపులు బార్లా తెరుచుకున్నాయి, జనమంతా లేచి నిలబడ్డారు.