రేపు కూడా రావాలి

చిల్లులున్న తెల్లటి ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది మా దగ్గర. సుమారు 70 డిగ్రీల వేడినీళ్ల తొట్టిలో వేస్తే కాసేపటికే తడిగుడ్డలా మెత్తబడిపోతుంది. దాన్ని తీసి, బల్ల మీద వెల్లకిలా పడుకున్న మనిషి ముఖం మీద పరిచి, నుదురు, ముక్కు, గడ్డం దగ్గర వేళ్లతో అద్దుతాం. చల్లారేసరికి ఆ ముఖం అచ్చు దిగి గట్టిపడుతుంది. నోటికి, గొంతుకు రేడియేషన్ ఇచ్చే ప్రతిరోజూ తల కదలకుండా ఈ మాస్కునే బల్లకు బిగిస్తాం. గుర్తులన్నీ దీనిమీదే గీస్తాం. ఒకాయన చికిత్స సగంలో ఉండగా తిరుపతి వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చాడు. మాస్కు వదులైపోయింది. మొక్కు తీర్చుకొచ్చిన మనిషిని ఏమంటాం? కొత్త మాస్కు, కొత్త సీటీ స్కాను, కొత్త ప్లాను.

నేను విశాఖలో రేడియోథెరపీ టెక్నాలజిస్టుని. ఎంత డోసు కావాలో డాక్టరు రాస్తారు, అది ఏ కోణాల నుంచి పడాలో ఫిజిసిస్టు లెక్క కడతారు. ఆ లెక్క రోజూ ఒకే మనిషి మీద, ఒకే చోట పడేలా చూడటం మా పని. గోడల్లోంచి వచ్చే లేజరు గీతలకు ఒంటి మీది గుర్తులు కలిసేదాకా నడుమును అటో వేలెడు, ఇటో వేలెడు జరుపుతాం. తర్వాత మందపాటి కాంక్రీటు గోడ అవతలికి వచ్చేసి కెమెరాలో చూస్తూ కూర్చుంటాం. లోపల మనిషికి నొప్పి తెలియదు, వేడి తెలియదు. యంత్రం చప్పుడు తప్ప ఏమీ ఉండదు. ఆగాక ఒంట్లో కిరణాలు మిగలవు కూడా. అయినా ఇంటికెళ్లాక మనవడిని దగ్గరికి రానివ్వరు, కంచం వేరు పెడతారు. ఆ భయం పోగొట్టడానికి పట్టే టైము యంత్రం తీసుకునే టైముకంటే ఎక్కువే. బయటినుంచి రేడియేషన్ తీసుకునే అమ్మమ్మ మనవడిని హాయిగా ఎత్తుకోవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చే ముసలమ్మల్లో అంగిలి క్యాన్సర్లు చూస్తాం. అడ్డచుట్ట పుణ్యం. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే ఆ అలవాటు మా ప్రాంతంలో ఆడవాళ్లదే ఎక్కువ. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో వచ్చేవాళ్లది మరో కష్టం. వాళ్లు మూత్రసంచి నింపుకుని బల్లెక్కాలి. అది నిండి ఉంటే చిన్నపేగు పైకి జరిగి కిరణాలకు దూరమవుతుంది. మేమేమో నీళ్లు తాగమంటాం. "తాగితే దారిలో ఎక్కడ దిగుతానమ్మా?" అంటుంది ఒకావిడ. బస్టాండుల్లో మరుగుదొడ్ల సంగతి తెలిసి జీవితమంతా దాహం చంపుకున్న మనిషి. ఈ మాటకు నా చదువులో జవాబు లేదు. అందుకే హాలులోకి వచ్చాకే తాగించి, నిండేదాకా కూర్చోబెడతాం. ఆలోగా యంత్రం మొరాయించిందా, ఆవిడ అవస్థ చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ సర్దుకోగలిగేవే. మేం సర్దుకోలేనిది రాకపోవడం. గొంతు క్యాన్సర్‌కి మామూలుగా 70 గ్రేల డోసును 35 విడతలు చేసి, సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఏడు వారాలు ఇస్తాం. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య మంచి కణాలు తేరుకుంటాయి, క్యాన్సర్ కణాలు అంతగా తేరుకోలేవు. విడతలు చేయడంలో కిటుకంతా అదే. కానీ మూడు నాలుగు వారాలు దాటాక, చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు ముందుకంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. సరిగ్గా అప్పుడే నోరంతా పూసి, గంజి కూడా దిగక, మనిషికి ఇల్లు కదలాలనిపించదు. వదిలేసిన రోజును చివర్లో కలిపేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కైతే లోపల పెట్టే రేడియేషన్‌తో సహా మొత్తం ఎనిమిది వారాల్లో ముగియాలి.

మానేసేవాళ్లను తిట్టడం తేలిక. ప్రభుత్వ కార్డు మీద వైద్యం ఉచితమే, తోడు వచ్చే కొడుకు పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు? కోట్ల రూపాయల యంత్రానికి రిబ్బను కత్తిరించడానికి పెద్దలు వస్తారు. ఆ పక్కనే ఏడు వారాలు తలదాచుకోవడానికి పది గదులు కట్టించేవాళ్లు అరుదు. నన్నడిగితే రెండో యంత్రం కంటే ముందు ఆ గదులే కావాలంటాను.

ఇక పండుగలు. సంక్రాంతికి మావాళ్లు భోగి ముందురోజే ఊరెళ్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, కదలరు. ముక్కనుమకు మాంసం వండిన ఇల్లు వదిలి ఎవరొస్తారు? చూస్తుండగానే వారం గడిచిపోతుంది.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరైనా రేడియేషన్ మధ్యలో ఉంటే ఒక్క పని చేయండి. ఊరెళ్లే ముందే ఆ తారీఖులు మా కౌంటర్లో చెప్పించండి. శనివారం రమ్మనడమో, కనీసం ఆరు గంటల ఎడం ఇచ్చి ఒకేరోజు రెండు విడతలు పెట్టడమో డాక్టర్లు ముందే ఆలోచించగలరు. చెప్పకుండా వెళ్లినా మేం ఫోను చేస్తాం. దయచేసి ఎత్తండి.