మెట్ట చేలో అపరాలు: రైతు చేతిలోని విద్య

తెలుగు నేల మీద వానే ఆధారంగా పండే పైర్లలో అపరాలకు పెద్ద చోటుంది. కంది, పెసర, మినుము, అలసంద, అనుము, ఉలవ, శనగ వంటివన్నీ బావి లేని రైతును ఆదుకునే పంటలే. జహీరాబాద్ వైపు ఎర్ర చెలకల్లోనూ, తాండూరు, కర్నూలు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగళ్లలోనూ, ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురం ఎర్ర ఇసుక నేలల్లోనూ వీటిని తరతరాలుగా పండిస్తున్నారు. ఎరువుల బస్తా, పురుగుమందు డబ్బా ఊళ్లోకి రాకముందే ఈ సాగు నిలదొక్కుకుంది. దీన్ని సేంద్రియ సాగు అని ఇప్పుడు పిలుస్తున్నారు గానీ, మందులు కొట్టకుండా వదిలేస్తే అది సేంద్రియ సాగు అయిపోదు. ఏ పని ఎప్పుడు చేయాలి, ఏ పైరు పక్కన ఏ పైరు వేయాలి అన్న తెలివి మీదే ఈ సాగంతా నడుస్తుంది.

కాలం లెక్కకు రైతు వాడేది కార్తెలు. మృగశిరలో తొలి పదును అందితే పెసర, అలసంద వేస్తారు. కంది మృగశిర నుంచి పునర్వసు దాకా, అంటే జూన్ రెండో వారం నుంచి జులై మధ్య వరకు పడాలి. అది దాటితే చెట్టు ఎదగకుండానే పూతకొస్తుంది. ముందు వేసిన పైరు ఎండిపోయినా, ఆగస్టు దాకా వాన ముఖం చూపకపోయినా రైతు చూపు ఉలవ వైపు తిరుగుతుంది. ఉత్తర, హస్త కార్తెల్లో నాలుగు చినుకులు పడితే చాలు, ఉలవ నేలంతా అల్లుకుంటుంది. గింజ కాస్త తగ్గినా పశువులకు మేత దక్కుతుంది. ఇక శనగకు వానకాలమంతా ఖాళీగా ఉంచిన నల్లరేగడి కావాలి. ఆ నేల తాగి దాచుకున్న తేమ మీదే, అక్టోబరులో విత్తింది మొదలు కోత దాకా, పైరు బతుకుతుంది. ఒక్క ఊరి పొలాల్లోనే మూడు నాలుగు విడతలుగా విత్తనం పడే ఈ ఏర్పాటు వల్ల వాన ఏ నెలలో మొహం చాటేసినా ఏదో ఒక పంట ఇంటికి చేరుతుంది.

మెట్ట రైతు కందిని ఒంటరిగా వేయడం అరుదు. తెలంగాణ చెలకల్లో రెండు సాళ్లు జొన్న, ఒక సాలు కంది వేయడం బాగా అలవాటైన పద్ధతి. అనంతపురంలో వేరుశనగ సాళ్ల మధ్య అక్కడక్కడా ఒక కంది సాలు వదులుతారు. జహీరాబాద్ పల్లెల్లో ఇది ఇంకా ముందుకు వెళ్తుంది. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అలసంద, అనుము, నువ్వు, గోగు ఒకే చెలకలో కలిసి పెరుగుతాయి. రెండెకరాల చేలో ఇరవై రకాల దాకా పంటలు తీసే మహిళా రైతులు అక్కడున్నారు.

ఈ పొత్తు కుదరడానికి కంది తీరే కారణం. మొలిచాక మొదటి రెండు నెలలు కంది నెమ్మదిగా పెరుగుతుంది. ఆ వ్యవధిలో జొన్న, కొర్ర ఎండనూ వాననూ వాడుకుని ఎదుగుతాయి, ఆ తర్వాత కందికంటే ముందే కోతకొస్తాయి. అవి తీసేశాక ఖాళీ అయిన చోటంతా కంది కొమ్మలు చాపుకుంటుంది. పైపొరలోని తేమను జొన్న తీసుకుంటే, లోపలి తేమను కంది తల్లివేరు వెతుక్కుంటుంది. ఆగస్టు బెట్టకు వేరుశనగ పోయినా, సెప్టెంబరు, అక్టోబరు వానలకు కంది మళ్లీ తేరుకోవడం అనంతపురం రైతులకు బాగా తెలిసిన సంగతి.

కంది వేసిన చేనుకు మరుసటి ఏడాది బలం వస్తుందని రైతులు ఎప్పటినుంచో అంటారు. దీని వెనుక రెండు కారణాలున్నాయి. ఒకటి, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. బుడిపెను గోటితో చీల్చి చూస్తే లోపల గులాబీ రంగు కనిపించాలి. ఆ రంగుంటే బుడిపె పని చేస్తున్నట్టు. పచ్చగానో బూడిద రంగులోనో ఉంటే దాని పని అయిపోయినట్టు. పైగా కంది రాల్చే ఆకంతా సాళ్ల మధ్య పరుచుకుని నేలకు ఎరువవుతుంది. రెండోది చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. ఎర్ర నేలల్లో భాస్వరం ఇనుముతో ముడిపడి ఉంటుంది. దాన్ని చాలా పైర్లు అందుకోలేవు. కంది వేర్లు స్రవించే పిసిడిక్ ఆమ్లం ఆ ముడిని విప్పి భాస్వరాన్ని బయటికి తెస్తుందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. అది 1990లో సైన్స్ పత్రికలో అచ్చయింది. ఎర్ర చెలకలో కంది సాలు తప్పనిసరి అనుకున్న పాత రైతుకు ఆ ఆమ్లం పేరు తెలియకపోవచ్చు గానీ, దాని ఫలితం మాత్రం బాగా తెలుసు.

పొత్తు పైరుతో తెగులు కూడా తగ్గుతుంది. కందికి ఎండు తెగులు పెద్ద శత్రువు. చేతికందబోయే చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం మోళ్లలోనూ మట్టిలోనూ ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. అందుకే తెగులు కనబడిన చేలో రెండు మూడేళ్లు కంది వేయరు, మోళ్లు పెరికి కాలుస్తారు. జొన్నతో కలిపి వేసిన కందిలో ఈ తెగులు తక్కువని పరిశోధన కేంద్రాలు కూడా గమనించాయి. వెర్రి తెగులు వచ్చిన మొక్క గుబురుగా, లేతాకుపచ్చగా పెరుగుతుంది గానీ పూత పట్టదు. దాన్ని మొదట్లోనే గుర్తుపట్టి పీకేయడం ఒక్కటే దారి.

నేలను సిద్ధం చేయడంలో హడావుడి ఉండదు. వేసవి వానకు లోతుగా దున్ని వదిలేస్తే మట్టిలోని పురుగు కోశాలు ఎండకు మాడతాయి, కొన్నిటిని పక్షులు తింటాయి. కాపరులతో మాట్లాడుకుని చేలో కొన్ని రాత్రులు గొర్రెల మంద కట్టిస్తారు. చెరువు ఎండితే పూడిక మట్టి తోలుతారు. అపరాలకు మాత్రం ఎరువు అతిగా వేయరు. బలం ఎక్కువైతే చెట్టు ఆకుకే పెరుగుతుంది, బుడిపెలు కూడా సరిగా కట్టవు.

విత్తేటప్పుడు గొర్రు వెంట నడిచే ఆడమనిషి చేతిలో చాలా ఉంది. గొర్రు మీది విత్తన గిన్నెలోకి, అంటే జడ్డిగంలోకి, పిడికిలి నుంచి గింజ ఎంత సన్నగా, ఎంత ఆగకుండా జారితే సాలు అంత సమంగా మొలుస్తుంది. కంది సాలు కోసం గొర్రుకు వెనక తాడుతో కట్టిన విడి గొట్టంలో మరొకరు గింజ వేస్తూ వస్తారు. విత్తనానికి ముందు రోజు బీజామృతం పట్టిస్తారు. 20 లీటర్ల నీటిలో 5 కిలోల ఆవు పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు పొలం మట్టి కలిపి రాత్రంతా ఉంచి, ఆ ద్రవాన్ని గింజకు పల్చగా పట్టించి నీడలో ఆరబెడతారు. ప్రకృతి వ్యవసాయ ప్రచారకుడు సుభాష్ పాలేకర్ వల్ల ఈ పేరు బాగా వ్యాపించింది. విత్తనానికి పేడనీళ్లు, బూడిద పట్టించే అలవాటు మాత్రం అంతకంటే పాతది.

సాగులో అసలు పరీక్ష పూత దశలో ఎదురవుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కంది పూతకొచ్చే వేళ మబ్బు పట్టిందంటే రైతుకు నిద్ర ఉండదు. శనగపచ్చ పురుగు మొదట పువ్వునూ లేత ఆకునూ గోకుతుంది. ఎదిగాక కాయకు గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల, సగం ఒళ్లు బయట పెట్టుకుని గింజను తినేస్తుంది. మందులకు లొంగకుండా తయారై, తెలుగు రాష్ట్రాల్లో ఎందరో రైతులను అప్పుల్లోకి తోసిన పురుగు ఇది.

దీనికి పాత రైతుల విరుగుడు చెట్టు దులపడం. ఇద్దరు పాత చీరనో పట్టానో సాళ్ల మధ్య చాపి పట్టుకుంటారు. మూడో మనిషి చెట్టును మొదట్లో పట్టుకుని మెల్లగా, కాయ రాలకుండా కుదుపుతాడు. ఎదిగిన పురుగులు టపటపా రాలి పట్టాలో పడతాయి. చివరికి వాటిని గుంటలో పూడుస్తారు, లేదా కోళ్లకు వేస్తారు. ఒకసారి దులిపితే చెట్టు మీది పెద్ద పురుగుల్లో చాలావరకు దిగిపోతాయి. గుడ్లు, చిన్న పురుగులు మిగులుతాయి కాబట్టి కొన్ని రోజులకు మళ్లీ దులపాలి. ఈ పనికి సాళ్ల మధ్య మనిషి నడిచేంత దూరం ఉండాలి. జొన్న కోసేశాక దొరికే ఆ ఖాళీయే ఇందుకు దారి ఇస్తుంది. కందిని ఒత్తుగా, ఒంటి పంటగా వేసిన చేలో దులపడం దాదాపు కుదరదు.

చిన్న పురుగుకు, గుడ్లకు వేప ఉంది. వేప గింజ కషాయం పని నవంబరులో మొదలవదు. వేపపండ్లు రాలే జూన్, జులై నెలల్లోనే ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఎండబెట్టి దాచాలి. అవసరమైనప్పుడు 5 కిలోల పప్పును పొడి కొట్టి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నీటిలో నానబెడతారు. మూటను బాగా పిండి, వడకట్టిన ద్రవంలో కొంచెం సబ్బు పొడి వేసి, 100 లీటర్లకు నీరు కలుపుతారు. ఎండలో దీని గుణం పోతుంది కనుక సాయంత్రం పూట చల్లాలి. వేప పురుగును అక్కడికక్కడే చంపదు. రెక్కల పురుగు గుడ్లు పెట్టకుండా, పిల్ల పురుగు తిండి తినకుండా చేస్తుంది. పెద్ద పురుగు కనబడ్డాక వేప చల్లి ఫలితం లేదని తిట్టేవారు ఈ సంగతి మరచిపోతారు.

వైరస్ సోకి చచ్చిన పురుగులు కొమ్మలకు తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటిని ఏరి నూరి, నీటిలో వడకట్టి, కాస్త బెల్లం కలిపి పొద్దువాలాక చల్లే పద్ధతిని రైతులు శాస్త్రవేత్తల నుంచి నేర్చుకున్నారు. చేలో నిలిచిన జొన్న కర్రల మీద కాకులు, మైనాలు, ఏట్రింతలు వాలి పురుగును ఏరుకుంటాయి. గట్ల మీద బంతి వేస్తే తల్లి పురుగు కొంత అటు మళ్లుతుంది. ఇన్ని చేసినా మరుకా మచ్చల పురుగు మాత్రం లొంగడం కష్టం. పూతనూ ఆకునూ గూడుగా అల్లుకుని లోపల దాక్కునే ఈ పురుగుకు వేప ముందే తగిలితే తప్ప పనిచేయదు. ఈ విషయంలో సేంద్రియ రైతుకు కొంత నష్టం తప్పదని ఒప్పుకోవాలి.

శనగకైతే కొంత రక్షణ దాని ఆకులోనే ఉంది. ఆకు మీది సన్నటి నూగు పుల్లటి ఆమ్లాలను స్రవిస్తుంది. తెల్లవారుజామున మంచు పడ్డ శనగ చేలో నడిస్తే కాళ్లు చురచురలాడేది అందుకే. నెల వయసులో చిగుళ్లు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, ఇంట్లోకి శనగాకు కూర వస్తుంది. చేను చుట్టూ కుసుమ వేస్తే దాని ముళ్లు పశువులను ఆపుతాయి.

కోత తర్వాత పుచ్చు పురుగుతో పోరాటం మొదలవుతుంది. ఇక్కడ విద్య మొత్తం ఆడవాళ్లదే. తినడానికి దాచే కందులకు ఎర్రమన్ను కడతారు. జల్లించిన ఎర్రమట్టిని నీటిలో చిక్కగా కలిపి కందులకు పట్టించి, కుప్ప చేసి రాత్రి ఉంచి, మూడు నాలుగు రోజులు గట్టి ఎండలో ఆరబెడతారు. మన్ను పొర మీద పురుగు గుడ్డు నిలవదు. పైగా పొట్టు వదులై విసుర్రాయిలో పప్పు సులువుగా చీలుతుంది. పప్పుగా విసిరి ఉంచితే పుచ్చు బెడద ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే ఆ పురుగుకు గుండ్రటి గింజ కావాలి. విత్తనం కందులను వేరే దాస్తారు. చేనులో తెగులు లేని, కాయ నిండిన చెట్లను ముందే గుర్తుపెట్టుకుని విడిగా కోస్తారు. బూడిద కలిపి, వేపాకు లేదా వావిలాకు పొరలు వేసి, పేడ అలికిన బుట్టల్లో పోసి మూత మెత్తుతారు. కొద్దిపాటి గింజకైతే ఆముదం పట్టిస్తారు. ఆ నూనె పొర గుడ్డుకు గాలి ఆడనివ్వదు.

జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి దళిత మహిళల సంఘాలు పాత విత్తనాలను ఊరూరా నిలుపుకొస్తున్నాయి. అక్కడ కందిని తొగరి అంటారు. ఎర్ర తొగరి, తెల్ల తొగరి, నల్ల తొగరి వంటి రకాలు ఇంకా బుట్టల్లో దొరుకుతాయి. ఆ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో వానలకు ముందే అపరాలూ చిరుధాన్యాలూ కలిపి చల్లే పద్ధతి చాలా ఊళ్లకు చేరింది.

ఈ సాగు వల్ల రైతుకు మిగిలేది గింజ ఒక్కటే కాదు. కంది కట్టె పొయ్యిలోకి, దడికి వస్తుంది. పొట్టు, ఆకు పశువులకు వెళ్తాయి. పురుగుమందు అప్పు ఉండదు. ప్రపంచంలో అపరాలను ఎక్కువగా పండించేదీ, తినేదీ, బయటి నుంచి కొనేదీ భారతదేశమే. అలాంటి దేశంలో చెలకలు పత్తి ఒంటి పంటకు మళ్లుతున్నాయి. కలుపు మందు చల్లిన చేలో జొన్న పక్కన పెసర, అలసంద నిలవవు. చెట్టు దులపడానికి, వేపగింజ ఏరడానికి మనుషులు దొరకడం లేదు, దొరికినా ఆ కూలి పంట ధరలో కలిసి రావడం లేదు. ప్రభుత్వం కొనుగోలు కేంద్రాల్లో మందు లేని కందులను విడిగా తూచి, ఆ కూలికి సరిపడా ధర కట్టాలి. పొత్తు పైరుకు బీమా ఇవ్వాలి. ఊరి విత్తనాల బుట్టలను వ్యవసాయ శాఖ తన పథకాల్లో చేర్చుకోవాలి. పట్నంలో పప్పు కొనే కుటుంబాలు కూడా నాలుగు రూపాయలు ఎక్కువైనా మెట్ట రైతు సంఘాల దగ్గర నేరుగా కొనడం మొదలుపెట్టాలి.