కదిలితే దెబ్బ, కదిపితే లేదు

ఇంగ్లీషులో ‘మూవ్’ అనే మాట రెండు పనులు చేస్తుంది. మనిషి తనంతట తాను కదిలినా అదే, ఇంకెవరో కదిపినా అదే. తెలుగులో ఆ ఇబ్బంది లేదు. కదులు వేరు, కదుపు వేరు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (2014) ఒక పేరా ఖర్చుపెట్టి చెప్పిన నియమం తెలుగులో నాలుగు మాటల్లో ఒదిగిపోతుంది: కదిలితే దెబ్బ, కదిపితే లేదు. ఒదిగిపోతుంది అన్నానుగానీ, పూర్తిగా కాదు. మిగిలిపోయిన ఆ కాస్త గురించే ఈ వ్యాసం.

ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు డంజన్ మాస్టర్, అంటే లోకాన్నీ అందులోని శత్రువుల్నీ నడిపేవారు. మిగతావాళ్ళకి తలా ఒక పాత్ర. ఏం చేస్తున్నారో నోటితో చెప్తారు, ఫలితం అనుమానమైతే పాచికలు తేలుస్తాయి. కథ చెప్పుకోవడం లాంటిదే. కానీ కత్తులు దూశాక ఆ కథ గళ్ళ కాగితం మీదికి దిగుతుంది. గడికి 5 అడుగులు. మామూలు మనిషి తన వంతులో 30 అడుగులు కదలగలడు, ఒక పని చేయగలడు. అందరి వంతులూ కలిపి ఒక రౌండు, సుమారు 6 సెకన్లు. ఈ ఆట బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆటల్లోంచి పుట్టింది. 1974 నాటి మొదటి పుస్తకాల్లో నడకని అంగుళాల్లోనే కొలిచేవారు.

ఇక ఆ నియమం. శత్రువు మీ చేతికందే దూరం దాటి వెళ్ళబోతుంటే, మీ వంతు కాకపోయినా అతన్ని ఒక దెబ్బ కొట్టవచ్చు. దీని పేరు ఆపర్చునిటీ అటాక్. దానికి ఆ రౌండులో మీకున్న ఒకే ఒక్క రియాక్షన్ ఖర్చవుతుంది. దెబ్బ తినకుండా వెళ్ళాలంటే డిసెంగేజ్ చేయాలి, అంటే ఆ వంతులో చేయగల పనిని దానికే వదులుకోవాలి. దగ్గరికి రావడానికి వెల లేదు, వెళ్ళడానికే ఉంది. అభిమన్యుడి కథ విన్నవాళ్ళకి ఇది వింతేమీ కాదు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ఈ నియమం ఇంకా కఠినం. శత్రువు అందుబాటులో ఉన్న గడిని వదిలితే చాలు, వెళ్ళే గడి కూడా వాడి అందుబాటులోనే ఉన్నా సరే దెబ్బ పడేది. అయిదడుగుల జరుగుబాటు లాంటివాటికి మినహాయింపు. అయిదో ఎడిషన్‌లో రాక్షసుడి చుట్టూ ప్రదక్షిణ చేసినా ఏం కాదు, వాడి చేతికందే మేర దాటనంతవరకు. మూడోది ప్రతి అడుగునీ అనుమానించే పుస్తకం. నాకు అయిదోదే మంచి రచన అనిపిస్తుంది. పోరాటంలో ఉన్న ఇద్దరి మధ్య ఒక సంబంధం ఉందని, దాన్ని తెంచుకున్నప్పుడే వెల కట్టాలని అది గుర్తించింది.

మా బృందం పుస్తకం ఇంగ్లీషులో చదువుతుంది, ఆట తెలుగులో ఆడుతుంది. అందులో ఒక తమాషా ఉంది. ఇంగ్లీషు వాక్యంలో పనులు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి. తెలుగులో అసమాపక క్రియలు ఉన్నాయి కాబట్టి మావాళ్ళు వంతు మొత్తాన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు: “పరిగెత్తి, గోబ్లిన్‌ని పొడిచి, వెనక్కొచ్చి, స్తంభం చాటున నక్కుతా.” ఒక్క సమాపక క్రియ, అదీ చివర. నియమం చెప్పేదేమో, దెబ్బ శత్రువు అందుబాటు దాటక ముందు క్షణంలో పడాలని. అంటే ‘పొడిచి’కీ ‘వెనక్కొచ్చి’కీ మధ్యలో. వాక్యం ముగియకముందే, కర్త ఏం సాధించాడో తెలియకముందే, గోబ్లిన్ కామా దగ్గర లేచి కొడుతుంది. మా డంజన్ మాస్టర్ చెయ్యెత్తి “ఆగు, వెనక్కి రాబోతుండగా…” అంటుంది. ‘వెళ్ళే ముందు’ అంటే ఇంకా బయల్దేరలేదు, ‘వెళ్తుండగా’ అంటే బయల్దేరాడు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నటి చోటు కోసం మనకి ‘-బోతుండగా’ ఉంది. ఆ చోటుని పట్టుకోవడానికి పుస్తకానికి విడిగా ఒక వాక్యం కావలసి వచ్చింది.

నాలాంటి ఇంజనీర్లు ఈ నియమాల్ని ఇంకో రకంగా కూడా చదువుతారు. అది నాకు పెద్దగా రుచించదు. ఐమూలగా వెళ్ళినా గడికి 5 అడుగులే లెక్క కాబట్టి, ఆరు గళ్ళు ఐమూలగా నడిచినవాడు 30 అడుగుల లెక్కలో 42 అడుగులకి పైగా వెళ్తాడు. మూడో ఎడిషన్ ఒక గడికి 5, తర్వాతిదానికి 10 చొప్పున లెక్కగట్టి, అదే దారికి 45 అంటుంది. పైథాగరస్‌కి దగ్గరే, కానీ ఆడేటప్పుడు వేళ్ళు మడవాలి. ఇంకోటి, చాలా పేరున్నది: ఒక్కో గడిలో ఒక్కో రైతుని వరసగా నిలబెట్టి, ఒకరి చేతిలోంచి ఒకరికి ఈటె అందిస్తే, అదంతా ఒకే రౌండులో జరిగిపోతుంది. 1350 మంది ఉంటే ఈటె 6 సెకన్లలో 6750 అడుగులు వెళ్తుంది, అంటే దాదాపు ధ్వని వేగం. నవ్వుకోవడానికి బావుంటుంది. 2024 నాటి డంజన్ మాస్టర్స్ గైడ్ అయితే నియమాలు భౌతికశాస్త్రం కాదని, ఇలాంటి వాదనల్ని ఒప్పుకోవద్దని తేల్చి చెప్పేసింది. ఇక్కడ పుస్తకం మాటల్ని అటూ ఇటూ లాగుతున్నారేగానీ, కథలో ఎవరికీ ఏమీ అవ్వట్లేదు. అందుకే ఇది నాకు చదవడం అనిపించదు.

అసలు చదవడం ఎలా ఉంటుందో మా బల్ల దగ్గరే చూశాను. బార్డ్ పాత్ర ఆడే కుర్రాడు ఒక దొంగ మీద ‘డిసోనెంట్ విస్పర్స్’ మంత్రం వేశాడు. ఆ గుసగుస దొంగకి మాత్రమే వినిపిస్తుంది, తట్టుకోలేని నొప్పి పెడుతుంది. తట్టుకోలేకపోతే వాడు వెంటనే తన రియాక్షన్ వాడి, మంత్రం వేసినవాడికి దూరంగా వీలైనంత దూరం పారిపోవాలి. దొంగ పక్కనే పాలడిన్ ఉన్నాడు. కొట్టవచ్చా?

బార్డ్ వెంటనే, “అన్నా, కొట్టేయ్! రియాక్షన్‌తో కదిలాడు కదా.” 2014 పాఠం ప్రకారం అతను అన్నది నిజం. మీ నడకా, యాక్షనూ, రియాక్షనూ ఏదీ వాడకుండా ఇంకొకరు మిమ్మల్ని కదిపితేనే మినహాయింపు. దొంగ రియాక్షన్ వాడాడు. కాబట్టి కదిలినట్టే. కానీ పాలడిన్ ఆడే మిత్రుడు ఆట మొదలైన రోజే తన పాత్రకి ఒక ఒట్టు పెట్టుకున్నాడు, పారిపోయేవాణ్ణి వెనకనుంచి కొట్టనని. అతను అడిగింది ఇది: “అక్కా, వీడు పారిపోతున్నాడా, తరిమేస్తే పోతున్నాడా?”

ప్రశ్న ఎంత గట్టిదో చూడండి. దొంగ తనంతట తాను కదిలాడంటే నియమం కొట్టనిస్తుంది, ఒట్టు కొట్టనివ్వదు. మంత్రం వాణ్ణి కదిపిందంటే వాడు పారిపోతున్నవాడు కాదు కాబట్టి ఒట్టు అడ్డురాదు, కానీ నియమం అడ్డొస్తుంది. ఏ వైపు చదివినా కత్తి లేవదు. కదులు, కదుపు అనే జంట ఇక్కడ సరిపోలేదు. మూడోది కావాలి: కదిలేలా చేయడం. కాళ్ళు వాడివే, ఇష్టం వాడిది కాదు.

మీమాంసకులు వేదవాక్యాల్లో విధినీ అర్థవాదాన్నీ వేరుచేసి చదివేవారు. ఒకటి చేయమని చెప్పేది, ఇంకొకటి దాన్ని వర్ణించేది. మా వాదన అచ్చం అలాగే విడిపోయింది. రియాక్షన్ వాడాలన్నది విధి. నొప్పి, గుసగుస అర్థవాదం. బార్డ్ విధిని పట్టుకున్నాడు, పాలడిన్ అర్థవాదాన్ని. విధిదే పైచేయి అని నేనూ ఒప్పుకుంటాను, లేకపోతే ఎవరికి నచ్చిన వర్ణన వాళ్ళు తెచ్చి ఆటని ఆపేస్తారు. డంజన్ మాస్టర్ కూడా అదే తీర్పు ఇచ్చింది: “కదిలాడు. కొట్టొచ్చు.” కానీ ‘కొట్టొచ్చు’ అంది, ‘కొట్టాలి’ అనలేదు. తెలుగులో ‘వచ్చు’లో అనుమతి ఉంది, అవకాశం ఉంది, ఆజ్ఞ లేదు. పాలడిన్ కొట్టలేదు. దొంగ చీకట్లోకి పోయి, తర్వాతి ఆటలో ఇంకో ఎనిమిదిమందిని వెంటేసుకుని వచ్చాడు. ఆ పోరులో మొదట పడిపోయింది బార్డే. కుర్రాడు రెండు వారాలు పాలడిన్‌తో ముభావంగా ఉన్నాడు, ఆటలోనూ బయటా. పుస్తకం ఒప్పుకున్న దెబ్బని వదిలేసి తనని బలిచేశాడని అతని బాధ. బాధ న్యాయమే. అయినా ఆ రోజు బల్ల దగ్గర పుస్తకాన్ని అందరికంటే బాగా చదివింది పాలడినే అని నా అభిప్రాయం. నియమం తనకి ఇచ్చింది ఒక ఎంపికని అతను గమనించాడు, దానికి వెల కట్టాడు.

2024లో హ్యాండ్‌బుక్‌ని తిరగరాశారు. కొత్త పాఠం యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్, లేదా తన నడక వాడి అందుబాటు దాటితే దెబ్బ అని నేరుగా చెప్తుంది. మా గొడవలాంటివి ఇక అరనిమిషంలో తెగిపోతాయి. చట్టంగా ఇది మెరుగు. వచనంగా చూస్తే, తడుముకుంటూ చెప్పిన పాతదే నాకిష్టం.

ఈ తిరగరాతలో ఒక విశేషణం ఎగిరిపోయింది. పాత పాఠంలో దెబ్బ ‘శత్రుభావం ఉన్న’ ప్రాణికే. కొత్తదాంట్లో మీకు కనిపించే ఏ ప్రాణి అయినా సరే. అంటే పక్కనుంచి వెళ్ళిపోతున్న స్నేహితుణ్ణి కూడా కొట్టవచ్చు. కొట్టవచ్చు, అంతే. మేం కొత్త పుస్తకానికి మారి కొన్ని నెలలైంది, ఇంతవరకు ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. కానీ మొన్న బార్డ్ కుర్రాడు పాలడిన్ పక్క గడిలోంచి గోడ వైపు జరగబోతూ, బొమ్మ మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. “అన్నా, వెళ్తున్నా,” అన్నాడు.

“వెళ్ళు,” అన్నాడు పాలడిన్.