తెరమీది హక్కులు

రాజ్యాంగ హక్కులను తెరమీద బోధించడం మంచిదా, చెడ్డదా అన్న చర్చ మనలో తరచు వినవస్తున్నది. యంత్రం తనంతట తాను అభ్యుదయకరమూ కాదు, అభివృద్ధి నిరోధకమూ కాదు. తెరమీద పాఠం చూసిన పిల్లకు ఎదురు ప్రశ్న వేసే వీలున్నదా అన్నదే అసలు సమస్య.

1975 ఆగస్టు 1న మొదలైన ఉపగ్రహ టెలివిజన్ బోధనా ప్రయోగాన్ని చూడండి. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు పాఠాలు ఆకాశంనుంచి దిగినవి. అప్పటికి అత్యవసర పరిస్థితి విధించి నెల దాటింది. 14, 21, 22 అధికరణాల కింద కోర్టుకెక్కే హక్కును నిలిపివేశారు. పాఠం వచ్చింది, ప్రశ్న పోయింది.

ప్రవేశికలో 'సామ్యవాద', 'లౌకిక' అన్న మాటలు 42వ సవరణతో చేరింది కూడా ఆ రోజులలోనే, 1976లో. 2023లో తెలంగాణ పదవ తరగతి సాంఘిక శాస్త్ర పుస్తకం అట్టమీద ఆ రెండు మాటలూ లేని పాత ప్రవేశిక అచ్చయింది. ఉపాధ్యాయ సంఘాలు ఆక్షేపించాయి. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కాని అంతటితో ఆగితే చాలదు. పాత పాఠాన్నీ, కొత్త పాఠాన్నీ తెరమీద పక్కపక్కన పెట్టి, ఈ మాటలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేర్చారని పిల్లలచేత అడిగించాలి. మనకు ప్రియమైన మాటలు హక్కులు స్తంభించిన కాలంలోనే ఎందుకు చేరాయన్న చిక్కు ప్రశ్నకు కూడా మనం జంకకూడదు. యంత్రానికి సార్థకత అక్కడ వున్నది.

ఈ పరీక్షకు తెల్లాపూర్‌ను మించిన చోటు లేదు. ఒకనాడు మెదక్ జిల్లా గ్రామం. 2018లో పురపాలక సంఘమైంది. ఐటీ ఉద్యోగుల కోసం అంతస్తుల మీద అంతస్తులు లేస్తున్నవి; వాటిని కట్టే కూలీలు రేకుల షెడ్లలో తలదాచుకుంటున్నారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులలో ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం ఇరుగుపొరుగు పేద పిల్లలకు కేటాయించమన్నది. తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా ఏళ్ల తరబడి అది కాగితం దాటలేదు.

21ఎ అధికరణం తెరమీద వెలుగుతుండగా, కూలీ బిడ్డ లేచి, "పక్క బడిలో మాకు చోటెందుకు లేదు సార్?" అని అడిగితే, ఆ ఉపాధ్యాయుడు తెర ఆపి జవాబు చెప్పాలి. అట్టమీది తప్పు పట్టుకున్న సంఘాలు, ఆ జవాబు చెప్పే ఉపాధ్యాయునికి అండగా కూడా నిలబడాలి.